రాయగడలో ఫిలేమోను పత్రిక తరగతులు: వెళ్ళొచ్చాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తున్నా, మళ్ళీ పెడితే తప్పకుండా వెళ్ళండి. ఒడిశాలోని మా రాయగడలో ఒక తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు సాయంత్రాలు నడిపిన ఫిలేమోను పత్రిక తరగతులు ఈ మధ్యే అయిపోయాయి. ఫిలేమోను పత్రిక అంటే తొలి క్రైస్తవ బోధకుడు పౌలు రాసిన చిన్న ఉత్తరం, బైబిలు కొత్త నిబంధనలో ఉంటుంది. ఆరు వారాలు, వారానికి ఒక క్లాసు, ఫీజు వంద రూపాయలు, అందులోనే చిన్న పుస్తకం, మధ్యలో టీ. చిన్నప్పటి నుంచి గుడికి వెళ్తున్నదాన్ని, బైబిలు చదివేదాన్ని. అయినా ఈ పత్రిక మీద ఒక ప్రసంగం విన్న గుర్తు కూడా లేదు. తీతు పత్రిక అయిపోయి హెబ్రీయులకు వెళ్ళేటప్పుడు వేలి కింద జారిపోయే ఒక్క పేజీ అది, అంతే. ఆ ఒక్క పేజీలో ఎంత ఉందో ఇప్పుడు తెలిసింది. ఇంకో పత్రిక మీద మళ్ళీ తరగతులు పెడతారంటున్నారు కాబట్టి వెళ్ళాలా వద్దా అని ఆలోచించేవాళ్ళ కోసం మంచీ చెడ్డా రెండూ రాస్తున్నాను.

మా ఇంట్లోవాళ్ళు అడిగిన మొదటి ప్రశ్నే చాలామంది అడుగుతారు: 25 వచనాలకి ఆరు వారాలెందుకు? మొదటి రోజే దానికి జవాబు దొరికింది. చెప్పే మాస్టారు విజయనగరం వైపు నుంచి రైల్లో వచ్చే రిటైర్డు లెక్చరరు. ఆయన వస్తూనే పాఠం మొదలుపెట్టలేదు. అందరినీ బైబిళ్ళు మూసేయమన్నారు, ఒకమ్మాయిని లేపి పత్రిక మొత్తం ఎక్కడా ఆగకుండా గట్టిగా చదవమన్నారు. రెండు మూడు నిమిషాల్లో అయిపోయింది. "ఇది మొదట చేరింది ఇలాగే, చెవులకి. ఇప్పుడు చెప్పండి, ఆ రోజు ఆ గదిలో ఎవరెవరు కూర్చుని విన్నారు?" అని అడిగారు. ఫిలేమోను, అప్ఫియ, అర్ఖిప్పు, ఆయన ఇంట్లో కూడే సంఘం అని మేం వరసగా చెప్పాం. ఇంకా ఎవరని అడిగారు. ఎవరికీ తట్టలేదు. ఆ ఇంట్లో పనిచేసే మిగతా బానిసలు కూడా ఉండి ఉంటారు, ఉత్తరం పట్టుకొచ్చిన బానిస ఒనేసిము అక్కడే నిలబడి ఉండి ఉంటాడు అన్నారు. వాడి గురించి రాసిన ఉత్తరాన్ని వాడి ఎదురుగానే చదువుతున్నారన్నమాట. అక్కడి నుంచి నేను ఒక్క క్లాసు కూడా మానలేదు.

విషయం తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. ఫిలేమోను ఒక ఇంటి యజమాని. తన ఇంట్లోనే సంఘం కూడుకునేంత స్థోమత ఉన్నవాడు, పౌలు వల్ల విశ్వాసంలోకి వచ్చినవాడు. ఒనేసిము ఆయన బానిస. ఏదో జరిగింది, ఇంటికి దూరమై, జైల్లో ఉన్న పౌలు దగ్గరికి చేరాడు, అక్కడ క్రైస్తవుడయ్యాడు. పౌలు అతన్ని తిరిగి పంపిస్తూ చేతికిచ్చిన ఉత్తరమే ఇది. పౌలు పేరున ఉన్న పత్రికలన్నిటిలోకీ చిన్నది ఇదే. కొలొస్సయులకు రాసిన పత్రిక చివర ఒనేసిమును "మీలో ఒకడు" అంటారు కాబట్టి ఆ ఇల్లు కొలొస్సయిలో ఉందని అనుకుంటారు. ఇప్పటి టర్కీలో, లూకస్ నది లోయలో ఉన్న ఊరు అది. ముదురు ఎరుపు ఉన్నికి పేరుండేది. పక్కనే లవొదికయ, హియెరాపొలి. జైలు రోమాలోదని పాత కాలం నుంచీ చెప్తారు, అలాగైతే క్రీ.శ. 60కీ 62కీ మధ్య రాసి ఉంటారు. అంత దూరం నుంచి బానిస రావడం, పౌలు "నాకు బస సిద్ధం చెయ్యి" అనడం కుదరవనీ, దగ్గర్లో ఉన్న ఎఫెసు అయితే సరిపోతుందనీ, అప్పుడు కాలం 50ల నడుమకి వెళ్తుందనీ ఇంకొందరు పండితులంటారు. మాస్టారు రెండు వైపులా చెప్పారు, ఒకటే సరైనదని పట్టుబట్టలేదు. మ్యాపు క్లాసు మాత్రం నాకు సాగదీసినట్టు అనిపించింది. గోడకి అంటించిన మ్యాపు మూడో వరస నుంచి కనబడదు, పుస్తకంలో వేసింది జిరాక్స్ మీద జిరాక్స్ తీసి నల్లగా అయిపోయింది. ఈసారి మంచి మ్యాపు వెయ్యండి, దానికోసం ఫీజు ఇంకో ఇరవై పెంచినా ఎవరూ ఏమీ అనరు.

మూడో వారం బానిసత్వం మీద. ఈ తరగతులకి ప్రాణం ఇక్కడి నుంచే వచ్చింది. రోమా సామ్రాజ్యంలో బానిస అంటే చట్టం లెక్కలో ఆస్తి. యుద్ధంలో పట్టుబడినవాళ్ళు, బానిసలకి పుట్టిన పిల్లలు, పారేస్తే ఎవరో ఎత్తుకుని పెంచిన పసివాళ్ళు, అందరూ అందులోకి వచ్చేవాళ్ళు. ఇది ఒంటి రంగుని బట్టి కాదు కాబట్టి వీధిలో చూసి బానిస ఎవరో చెప్పలేరు. చదువొచ్చి యజమాని లెక్కలు రాసే బానిసలూ ఉండేవాళ్ళు, గనుల్లో నలిగి చచ్చేవాళ్ళూ ఉండేవాళ్ళు. పారిపోయి దొరికితే నుదుటి మీద వాత పెట్టడం, మెడకి ఇనుప పట్టీ వెయ్యడం మామూలు. అలాంటి పట్టీలు తవ్వకాల్లో బయటపడ్డాయి, "నన్ను పట్టుకో, నా యజమానికి అప్పగించు" అని వాటి మీద రాసి ఉంటుంది. మాస్టారు ఆ మాట బోర్డు మీద రాసి, కింద ఈ పత్రికలో పౌలు రాసిన మాట రాశారు: అతన్ని నన్ను చేర్చుకున్నట్టే చేర్చుకో. రెండూ ఒక బానిసని యజమాని దగ్గరికి పంపే మాటలే. తేడా ఏంటో ఆయన వివరించి చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది.

ఒనేసిము నిజంగా పారిపోయాడా అన్నది కూడా చర్చకి వచ్చింది. పత్రికలో ఎక్కడా పారిపోయాడని లేదు, "నీ దగ్గర నుంచి వేరయ్యాడు" అన్నట్టు మాత్రమే ఉంది. దొంగతనం చేశాడని కూడా లేదు, ఏదైనా నష్టం చేసి ఉంటే, బాకీ ఉంటే అని ఉంది. దొంగ, పారుబోతు అని మనమే అలవాటుగా చెప్పుకుంటూ వచ్చాం. నాలుగో శతాబ్దం చివర్లో క్రిసోస్తోమ్ అనే క్రైస్తవ బోధకుడు తన ప్రసంగాల్లో అలాగే చెప్పాడు, అదే నిలిచిపోయింది. ఇంకో దారి కూడా ఉంది. యజమాని కోపానికి భయపడి, నా తరఫున ఒక మాట చెప్పండని యజమాని స్నేహితుడి దగ్గరికి వెళ్ళిన బానిసని పారిపోయినవాడిగా లెక్కకట్టకూడదని రోమా న్యాయవేత్తలు అన్నారు. ఆ అభిప్రాయాలు తర్వాత జస్టీనియన్ చక్రవర్తి సంకలనం చేయించిన న్యాయ గ్రంథంలో ఉన్నాయి. ఒనేసిము అలా కావాలనే పౌలుని వెతుక్కుంటూ వెళ్ళి ఉండొచ్చు. ఇది విన్నాక నా మటుకు నాకు ఒనేసిము వేరే మనిషిలా కనిపించాడు. తన బతుకు కోసం తనే ఒక ఎత్తు వేసుకున్న మనిషి.

ఇదే క్లాసులో ఇంకో ఉత్తరం కూడా చదివించారు, నాకు బాగా నచ్చింది. కొంచెం తర్వాతి కాలంలో ప్లినీ అనే రోమా పెద్దమనిషి సబినియానుస్ అనే స్నేహితుడికి రాసింది. యజమానికి కోపం తెప్పించి, ప్లినీ కాళ్ళ మీద పడ్డ ఒక విడుదలైన బానిస గురించి అది. వాడు ఏడుస్తున్నాడు, నిజంగా పశ్చాత్తాపపడ్డాడు, నేను కూడా గట్టిగా చీవాట్లు పెట్టాను, చిన్నవాడు, ఈసారికి వదిలెయ్ అంటాడు ప్లినీ. మంచివాడే. కానీ పౌలు ఉత్తరం పక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది, ఒనేసిము ఏడ్చాడనీ, తప్పు ఒప్పుకున్నాడనీ, ఇక బుద్ధిగా ఉంటాడనీ పౌలు ఒక్క ముక్క కూడా రాయలేదు. నా కొడుకు అన్నాడు, నా ప్రాణం లాంటివాడు అన్నాడు, బాకీ ఉంటే నేనే తీరుస్తానన్నాడు. పేదవాడు చేతులు కట్టుకుని నిలబడితేనే మనం క్షమిస్తాం, అలవాటు అలాంటిది. అది లేకుండా పౌలు అడిగాడు.

నాలుగో వారం పుస్తకాలు పక్కన పెట్టించి మాస్టారు ఒక తెల్ల కాగితం తీశారు. "ఇక్కడ ప్రోనోటు రాసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడిగారు. నవ్వులు వచ్చాయి, ఎందుకంటే రాయనివాళ్ళెవరు. పిల్ల పెళ్ళికో, ఆసుపత్రికో, షాపులో సరుకుకో అందరం రాసినవాళ్ళమే. 18, 19 వచనాలు సరిగ్గా ప్రోనోటేనని చూపించారు. అతను నీకు బాకీ ఉంటే "నా లెక్కలో చేర్చుము", పౌలనే నేను నా చేత్తో రాస్తున్నాను, నేనే తీరుస్తాను. అప్పట్లో ఉత్తరం చెప్తుంటే వేరేవాళ్ళు రాసేవాళ్ళు. ఈ వాక్యం దగ్గర మాత్రం పౌలు కలం తన చేతిలోకి తీసుకున్నాడు. అంటే అది సంతకం, పూచీకత్తు. సంకెళ్ళలో ఉన్న మనిషి, చేతిలో పైసా ఉందో లేదో తెలియని మనిషి, వేరేవాడి బాకీకి జామీను ఉంటున్నాడు. ఆ వెంటనే, నువ్వే నాకు బాకీ ఉన్నావు, అది నేనిప్పుడు ఎత్తడం లేదులే, అని ఎత్తకుండానే ఎత్తేశాడు. మా వెనక వరసలో కిరాణా కొట్టు ఆయన ఇది విని, "ఈయనకి లెక్కలు బాగా తెలుసండీ" అన్నారు. అవును, తెలుసు. మెత్తగా బతిమాలినట్టే ఉంటుంది కానీ ఫిలేమోనుకి తప్పుకునే సందు ఎక్కడా వదల్లేదు. ఆజ్ఞాపించగలను కానీ ప్రేమను బట్టి అడుగుతున్నానంటాడు, ముసలివాణ్ణంటాడు, ఖైదీనంటాడు, నేను చెప్పినదానికన్నా ఎక్కువే చేస్తావని తెలుసంటాడు, చివర్లో నేను వస్తున్నా గది సిద్ధం చెయ్యమంటాడు. పైగా ఇదంతా సంఘం అందరి ముందూ చదవాలి.

ఆ రోజు జరిగింది ఇంకొకటి రాయకుండా ఉండలేను. లోపల కొండ ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒక పెద్దాయన ఉన్నారు, తెలుగూ ఒడియా కలిపి మాట్లాడతారు, అప్పటివరకూ నోరు విప్పలేదు. ఆయన లేచి "మా తాత గోతి ఉన్నాడయ్యా" అన్నారు. ఇటువైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ళ కోసం చెప్తున్నా. పాత కోరాపుట్ జిల్లా అంతా, అంటే మన రాయగడ కూడా కలిసి ఉన్నప్పుడు, సావుకారు దగ్గర కొంచెం ధాన్యమో కొన్ని రూపాయలో తీసుకుని, అది తీరేదాకా వాళ్ళ పొలంలో, వాళ్ళ ఇంట్లో చాకిరీ చేసేవాణ్ణి గోతి అనేవాళ్ళు. లెక్క రాసేది సావుకారే, చదివేదీ ఆయనే, కాబట్టి అది తీరేది కాదు. తండ్రి పోతే అదే బాకీ కింద కొడుకు చాకిరీకి ఎక్కేవాడు. ఒడిశాలో దాన్ని రద్దు చేస్తూ 1948లోనే రెగ్యులేషన్ వచ్చింది, దేశమంతటికీ వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. కాగితం మీద పోయింది కానీ ఇళ్ళల్లో ఆ జ్ఞాపకం పోలేదు. వాళ్ళ తాత పెళ్ళికి తీసుకున్న ధాన్యం బాకీ కింద వాళ్ళ నాన్న కూడా పశువులు కాశాడట. "మా తాత లెక్క నా ఖాతాలో రాయండి అన్నవాడు ఒక్కడూ రాలేదు" అన్నారాయన, అని కూర్చున్నారు.

దాని మీద వెంటనే ఒక నర్సమ్మ అడిగిన ప్రశ్న నాకిప్పటికీ తిరుగుతూనే ఉంది. "మాస్టారూ, ఒనేసిము బాకీ పౌలు తీరుస్తాడు, సరే. ఇన్నేళ్ళు ఒనేసిము చేసిన చాకిరీకి కూలి బాకీ ఎవరు తీరుస్తారు? ఆ లెక్క ఎవరి ఖాతాలో ఉంది?" మాస్టారు ఏదో ఒకటి చెప్పి దాటెయ్యొచ్చు. దాటెయ్యలేదు. ఆ లెక్క ఈ ఉత్తరంలో లేదమ్మా, నేను కల్పించి చెప్పను అన్నారు. ఈ తరగతుల్ని నేను నమ్మింది ఆ మాటకే. గుళ్ళో ఏ ప్రశ్నకైనా జవాబు జేబులోంచి తీసినట్టు చెప్పేవాళ్ళని చూసి చూసి విసిగిపోయాను.

ఐదో వారం అసలు ప్రశ్న: పౌలు అడిగిందేమిటి? విడుదల చెయ్యమన్నాడా, కొట్టకుండా చేర్చుకోమన్నాడా, తన సేవకి వెనక్కి పంపమన్నాడా? బానిసత్వం తప్పని ఒక్క వాక్యం రాసుంటే ఎంత బాగుండేదని అక్కడ చాలామందికి అనిపించింది, నాకూ అనిపించింది. మాస్టారి అభిప్రాయం, 16వ వచనంలో "దాసునికంటె ఎక్కువవాడుగాను ప్రియ సహోదరుడుగాను" అన్నాక, అదీ ప్రభువు విషయంలోనే కాదు శరీర విషయంలో కూడా అన్నాక, పాత ఏర్పాటు ఆ ఇంట్లో నిలబడదని. నేను దీనితో చాలావరకు ఒప్పుకుంటాను. ఆదివారం ఒకే రొట్టె విరిచి, సోమవారం వాణ్ణే పట్టుకుని కొట్టడం కుదరదు కదా. కానీ కొలొస్సయులకు రాసిన పత్రికలో దాసులారా మీ యజమానులకు లోబడండి అని కూడా ఉంది, ఆ పత్రిక తెచ్చిన తుకికుతో పాటు వచ్చినవాడు ఈ ఒనేసిమే. ఈ రెండింటినీ ఎదురెదురుగా పెట్టి ఇంకా లోతుగా మాట్లాడి ఉండాల్సింది. ఆ పత్రిక పౌలే రాశాడా అన్న చర్చ పండితుల్లో ఉందని ఒక మాట చెప్పి, టైమయిపోయిందని ముగించేశారు. నాకు అసంతృప్తిగా అనిపించింది.

ఆఖరి వారం తర్వాతి చరిత్ర. పరుగులు పెట్టించారు, రెండు వారాల సరుకు ఒక్క రోజులో కుక్కారు. ఇందులో ఒకటి మాత్రం గట్టిగా పట్టుకుంది. అమెరికాలో బానిసత్వం ఉన్న రోజుల్లో, పారిపోయిన బానిసని వెనక్కి పంపడం న్యాయమేనని చెప్పడానికి యజమానుల వైపువాళ్ళు ఈ పత్రికనే చూపించేవాళ్ళు. 1833లో జార్జియాలో చార్లెస్ కాల్కాక్ జోన్స్ అనే బోధకుడు బానిసల సభలో ఫిలేమోను మీద ప్రసంగిస్తూ, పారిపోవడం తప్పని పౌలు పేరు మీద చెప్పగానే, సగం మంది లేచి బయటికి నడిచి వెళ్ళిపోయారట. ఆ సంగతి రాసిపెట్టింది ఆ బోధకుడే. అక్షరం రానివ్వని జనం వాళ్ళు, చదివి కాదు, విని తేల్చుకున్నారు. నన్నడిగితే ఆ రోజు ఈ పత్రిక సరిగ్గా అర్థమైంది లేచి వెళ్ళినవాళ్ళకే.

ఒనేసిము తర్వాత ఏమయ్యాడన్నది అందరం అడిగాం. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరంలో అక్కడి బిషప్పు పేరు ఒనేసిము. అతనే ఇతనా అంటే ఖాయంగా చెప్పలేం, ఆ పేరు బానిసల్లో మామూలుగా ఉండేదట. మాస్టారు దాన్ని కథ చేసి అమ్మలేదు, సంతోషం. ఉత్తరం మాత్రం నిలిచింది. సుమారు క్రీ.శ. 200 నాటి పపైరస్ (రెల్లు కాగితం) ముక్క ఒకటి జర్మనీలో కొలోన్‌లో ఉంది, దాని మీద ఈ పత్రికలో కొన్ని వచనాలున్నాయి. ఇంత సొంత విషయం రాసిన ఉత్తరాన్ని ఫిలేమోను చించి పారెయ్యకుండా దాచాడంటే, అడిగింది చేసే ఉంటాడని నా నమ్మకం. రుజువు కాదు, నమ్మకం.

ఇక ఏర్పాట్ల సంగతి. హాలు బాగుంది, మైకు అవసరం లేనంత చిన్నది, ఫ్యాన్లు తిరుగుతాయి. టీ మధ్యలో పెట్టడం మంచి ఆలోచన, సగం మంచి ప్రశ్నలు టీ దగ్గరే వచ్చాయి. టైము మాత్రం ఆరున్నర అని ఏడింటికి మొదలు, దూరం నుంచి వచ్చేవాళ్ళకి తిరిగి వెళ్ళడానికి ఆటో దొరకదని టెన్షన్. జేకేపూర్ మిల్లు షిఫ్టుల్లో ఉన్నవాళ్ళు వారం తప్పించి వారమే రాగలిగారు. వాళ్ళ కోసం ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి చెప్పిస్తే బాగుంటుంది. పుస్తకం నలభై పేజీల లోపు, అక్షరాలు చిన్నవి, పెద్దవాళ్ళకి కష్టం. ప్లినీ ఉత్తరం అనువాదం, ప్రోనోటు పేజీ రెండూ అందులో ఉన్నాయి, అవి రెండే చాలు డబ్బులు వసూలవడానికి. ప్రతి వారం చివర ప్రశ్నలు ఇచ్చారు కానీ "ఒనేసిము యజమాని ఎవరు" లాంటి ఖాళీలు పూరించే రకం, సండే స్కూలు పిల్లలకి సరిపోతాయి. ఆ నర్సమ్మ అడిగిన ప్రశ్న వెయ్యండి అక్కడ.

నాకున్న పెద్ద ఫిర్యాదు భాష గురించి. అంతా తెలుగే. మాకు హాయి, కానీ మన ఊళ్ళో సంఘాలన్నిటిలో కువి, ఒడియా మాట్లాడే విశ్వాసులు ఎంతమంది ఉన్నారు! గోతి బతుకు బతికింది ఎక్కువగా వాళ్ళ ఇళ్ళే. ఈ పత్రిక గురించి మనకన్నా వాళ్ళకే చెప్పగల సంగతులు ఎక్కువ. ఆ పెద్దాయన ఒక్కరు రెండు నిమిషాలు మాట్లాడితేనే క్లాసు మారిపోయింది, పది మంది వచ్చి ఉంటే ఎలా ఉండేది? వచ్చేసారి పక్కన ఒకరిని కూర్చోబెట్టి ఒడియాలో చెప్పించండి, పుస్తకం ఒడియాలో కూడా వెయ్యండి. డబ్బులు చాలకపోతే అడగండి, ఇచ్చేవాళ్ళం ఉన్నాం.

ఎవరు వెళ్ళాలి అంటే, క్రైస్తవులే కానక్కర్లేదు. మా క్లాసులో ఇద్దరు హిందూ స్నేహితులు చరిత్ర మీద ఇష్టంతో వచ్చారు, ఎవరూ వాళ్ళని ఇబ్బంది పెట్టలేదు, మతం మారమనలేదు. పాటలు, సాక్ష్యాలు, స్వస్థత ప్రార్థనలు కావాలనుకునేవాళ్ళకి మాత్రం ఇది నచ్చకపోవచ్చు, మొదట్లో ఒక చిన్న ప్రార్థన తప్ప అవేమీ లేవు. ఇంట్లో పనిమనిషో, కొట్లో కుర్రాడో, పొలంలో పాలేరో ఉన్నవాళ్ళు అందరికన్నా ముందు రావాలని నా కోరిక. మా ఇంట్లో పనికొచ్చే అమ్మాయికి ఇచ్చిన అడ్వాన్సు లెక్క ఇప్పుడు తన చేతే, తన నోటుబుక్కులో కూడా రాయిస్తున్నాను. తర్వాతి తరగతులు యాకోబు పత్రిక మీద అనుకుంటున్నారట, కూలివాళ్ళకి బిగబట్టిన జీతం మొర పెడుతోందని ఐదో అధ్యాయంలో ఉన్నది అందులోనే. పేర్లు గుడి ఆఫీసులో ఆదివారం ఆరాధన అయ్యాక రాసుకుంటున్నారు.